సుఖవ్యాధులకు మాత్రల చికిత్స – గృహస్థులు తెలుసుకోవలసిన విషయాలు

ఇంటిల్లిపాదీ చదివే ఆరోగ్య పత్రికలో ఈ విషయం వ్రాయవచ్చునా అని కొందరు పాఠకులు సందేహించవచ్చు. అజీర్ణం, మోకాళ్ల నొప్పులు, పిల్లల దగ్గు మొదలైన వాటిని గూర్చి ఎంత విపులంగా వ్రాసినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. సుఖవ్యాధి అనే మాట కనబడగానే పుట తిప్పివేస్తారు. కాని వ్యాధికి మన మొహమాటంతో నిమిత్తం లేదు. దాచిన కొద్దీ అది లోలోపల పెరుగుతుంది. భర్త దాచిన వ్యాధి భార్య గర్భాశయానికి, అక్కడినుండి పుట్టబోయే బిడ్డకు సంక్రమిస్తుంది. అందువలన ఇది గృహస్థులు తప్పక తెలుసుకోవలసిన విషయమని నా నమ్మకం.

నేను గురువుగారి ఇంట ఉండి, మూలికలు దంచి, కషాయాలు కాచి, నిఘంటువులు కంఠస్థం చేసి వైద్యం నేర్చినవాడను. నలభై సంవత్సరాలుగా ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాలలో వైద్యం చేస్తున్నాను. ఒకవైపు ఇల్లందు, కొత్తగూడెం బొగ్గు గనులు. మరొకవైపు సారపాక కాగితపు మిల్లు. ఖమ్మంలో మిరప మార్కెట్టు, గ్రానైటు పరిశ్రమ. గోదావరి ఒడ్డున రాములవారి క్షేత్రం. ఆపైన దుమ్ముగూడెం, చర్ల అడవులలో కోయ పల్లెలు. ఇన్ని విధాల జనులు రాకపోకలు సాగించే ప్రాంతం ఇది. మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుండి కూలీలు కుటుంబాలతో వస్తారు. లారీలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. అంతమాత్రాన సుఖవ్యాధి కూలివానిదనీ, డ్రైవరుదనీ తలచరాదు. నా వద్దకు రహస్యంగా వచ్చినవారిలో ఉద్యోగులు, వ్యాపారులు, పెండ్లి కుదిరిన యువకులు, ఏ దోషమూ ఎరుగని గృహిణులు ఎందరో ఉన్నారు.

వారందరూ దాదాపు ఒకే ప్రశ్న వేస్తారు: “అయ్యా, సూదులు లేకుండా, ఎవరికీ తెలియకుండా, మాత్రలతో ఇది పోతుందా?” కొన్ని వ్యాధులు పోతాయి, కొన్ని పోవు. ఏవి పోతాయో, ఏవి పోవో, మాత్రలు ఏ నియమంతో వాడవలెనో ఈ వ్యాసంలో వివరిస్తాను.

శాస్త్రం ఏమి చెప్పింది?

మన ప్రాచీనులకు ఈ వ్యాధులు తెలియనివి కావు. సుశ్రుతాచార్యులు ఉపదంశమనే పేరుతో జననేంద్రియాలకు కలిగే వ్యాధిని వర్ణించి, దానిని వాత, పిత్త, కఫ, సన్నిపాత, రక్తజములని ఐదు విధాలుగా విభజించారు. సంసర్గ దోషం, అశుచి దీనికి కారణాలని గుర్తించారు.

పదహారవ శతాబ్దంలో భావమిశ్రుడు భావప్రకాశమనే గ్రంథంలో ఫిరంగ రోగమనే కొత్త వ్యాధిని చేర్చాడు. ఫిరంగులు అనగా పోర్చుగీసువారు మొదలైన ఐరోపా జనులు. వారి రాకతో వ్యాపించిన వ్యాధి కనుక దానికి ఆ పేరు వచ్చింది. నేడు సిఫిలిస్ అని పిలిచేది, మన పల్లెలలో సవాయి రోగమని వ్యవహరించేది ఇదే. బాహ్యం, ఆభ్యంతరం, బహిరంతర్భవం అని దీనిని ఆయన మూడు విధాలుగా విభజించాడు. చికిత్సకు రసకర్పూరాన్ని, చోప్‌చీనీని చెప్పాడు. ఈ చోప్‌చీనీయే మన పచారీ కొట్లలో దొరికే పరంగిచెక్క. అది చీనా దేశపు మొక్క వేరు.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. భావమిశ్రుడు తన పూర్వగ్రంథాలలో లేని వ్యాధిని చూచి అది లేదని బుకాయించలేదు. పాత పేరులోనికి బలవంతంగా నెట్టలేదు. కొత్త వ్యాధి అని అంగీకరించి, పరదేశపు మూలికనైనా పనికి వస్తుందని భావించి గ్రంథంలో చేర్చాడు. వైద్యుడు ఎప్పుడూ అట్లే ఉండవలెను. ఔషధం ఏ దేశానిది, ఏ పద్ధతిది అన్న విచారణ తరువాత. రోగి ప్రాణం ముందు.

రసకర్పూరం పాదరస లవణం. నాలుగు శతాబ్దాల పాటు మన దేశంలోనే కాక ఐరోపాలో కూడా సిఫిలిస్‌కు పాదరసమే శరణ్యంగా ఉండేది. దానివలన నోరు పూయడం, పండ్లు కదలడం, మూత్రపిండాలు చెడడం సాధారణమైన ఉపద్రవాలు. నేడు అంతకంటె సురక్షితమైన, నిశ్చయమైన ఔషధాలు ఉన్నవి. కాబట్టి ఈ వ్యాధులకు పాదరస యోగాలను ఇంటిలో గాని, ఊరూరా తిరిగే మందులవాని వద్ద గాని కొని వాడడం ఆత్మహత్యాసదృశమని స్పష్టంగా హెచ్చరిస్తున్నాను.

మాత్ర వెనుక ఒక తెలుగువాడు

నోటి ద్వారా ఇచ్చే సూక్ష్మజీవినాశక ఔషధాల చరిత్రలో మన తెలుగువారు గర్వించదగిన అధ్యాయం ఒకటి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య పూర్తి చేసిన తరువాత, ఆచంట లక్ష్మీపతిగారు నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం బోధించారు. సంగ్రహణి వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆయనను కూడా పీడించింది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. 1922లో అమెరికా వెళ్లి, హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు.

ఆయన సారథ్యంలోనే అక్కడ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ దేశదేశాల నుండి తెప్పించిన మట్టిని పరీక్షించి, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టి నుండి బంగారు వర్ణం గల ఒక సూక్ష్మజీవిని వేరుచేశాడు. దాని నుండి పుట్టినదే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటి ఔషధం ఇదే. 1948లో ఇది లోకానికి వెల్లడైంది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఇక్కడ మన విషయానికి సంబంధించిన ముఖ్యాంశం వస్తుంది. ఆరియోమైసిన్‌ను మానవులపై మొట్టమొదట ప్రయోగించినవారిలో న్యూయార్కులోని హార్లెం ఆసుపత్రి వైద్యుడు లూయీ రైట్ ప్రముఖుడు. ఆయన చికిత్స చేసినది గజ్జలలో గడ్డలు కట్టి పగిలే లింఫోగ్రాన్యులోమా అనే సుఖవ్యాధికి. దానికి కారణం క్లమీడియా జాతి బాక్టీరియా. నేడు క్లమీడియాకు ఇచ్చే డాక్సీసైక్లిన్ అదే టెట్రాసైక్లిన్ వర్గానికి చెందినది. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పిన తెలుగు వైద్యుని పరిశ్రమ ఈ గొట్టం మాత్ర వెనుక ఉన్నదని తెలిసినప్పుడు, ఇది పరాయి వైద్యమని తోసివేయడానికి నాకు మనసు ఒప్పదు.

ఏ వ్యాధికి ఏ లక్షణాలు?

బాక్టీరియా వలన కలిగే సుఖవ్యాధులలో మూడు ముఖ్యమైనవి.

సెగవ్యాధి: దీనిని గనోరియా అంటారు. మన పరిభాషలో పూయమేహం. సాధారణంగా కలయిక తరువాత రెండు నుండి ఏడు రోజులలో పురుషునికి మూత్రం మంటగా, నిప్పు తాకినట్లు రావడం, పసుపు పచ్చని చీము కారడం కనబడతాయి. 1879లో నైసర్ అనే జర్మన్ వైద్యుడు దీనికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు.

క్లమీడియా: ఒకటి నుండి మూడు వారాలలో మొదలవుతుంది. పలుచని జిగురు వంటి స్రావం, స్వల్పమైన మంట ఉంటాయి. చాలామందికి ఏ బాధా ఉండదు. ఇందులోని ప్రమాదమే అది.

సవాయి రోగం: సుమారు మూడు వారాలకు, ఒక్కొక్కప్పుడు మూడు మాసాల వరకు ఆలస్యంగా, నొప్పి లేని గట్టి పుండు పుడుతుంది. గజ్జలలో బిళ్లలు కడతాయి. మందు వేసినా వేయకున్నా పుండు కొన్ని వారాలలో మానిపోతుంది. వ్యాధి పోయిందని రోగి సంతోషిస్తాడు. కాని విషం రక్తంలో ఉండిపోయి, కొన్ని వారాలకో మాసాలకో అరచేతులు, అరికాళ్లతో సహా ఒంటినిండా దద్దురులుగా వస్తుంది. అవి కూడా తగ్గిపోతాయి. సంవత్సరాల తరువాత గుండెను, రక్తనాళాలను, మెదడును చెరుస్తుంది.

స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సెగ గాని, క్లమీడియా గాని సోకిన స్త్రీలలో అధిక సంఖ్యాకులకు మొదట ఏ లక్షణమూ కనబడదు. కనబడినా తెల్లబట్ట అనుకొని ఊరుకొంటారు. ఈలోగా వ్యాధి గర్భాశయ ముఖద్వారం నుండి పైకి ప్రాకి బీజవాహికలలో వాపు కలిగిస్తుంది. పొత్తికడుపు నొప్పి, కలయికలో బాధ, నెలసరి మధ్య రక్తస్రావం దాని గుర్తులు. వాహికలు మూసుకుపోతే సంతానం కలుగదు. సగం మూసుకుపోతే గర్భం వాహికలోనే నిలిచి ప్రాణాపాయం తెస్తుంది. అయితే తెల్లబట్ట అయినంత మాత్రాన సుఖవ్యాధి అని భార్యను అనుమానించరాదు. దానికి ఇతర కారణాలు అనేకం ఉన్నవి.

మాత్రలు ఏ విధంగా పనిచేస్తాయి?

సెఫిక్సిమ్ వంటి ఔషధం బాక్టీరియా చుట్టూ ఉండే గోడను కట్టుకోనివ్వదు. గోడ లేని జీవి పగిలి చస్తుంది. క్లమీడియా మన శరీర కణాల లోపల దాగి బ్రతుకుతుంది. కాబట్టి కణంలోనికి ప్రవేశించగల మందు కావలెను. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ అట్టివి. ఇవి బాక్టీరియా తనకు కావలసిన మాంసకృత్తులను తయారు చేసుకోకుండా అడ్డుకొంటాయి.

క్లమీడియాకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, ఏడు రోజులు ఇవ్వడం నేటి ప్రధాన చికిత్స. గర్భిణులకు డాక్సీసైక్లిన్ పనికిరాదు. వారికి అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒకే మోతాదుగా వైద్యులు ఇస్తారు. గజ్జలలో గడ్డలు కట్టే లింఫోగ్రాన్యులోమాకు డాక్సీసైక్లిన్ మూడు వారాలు కావలసి ఉంటుంది.

సెగవ్యాధి సంగతి వేరు. ఒకప్పుడు సల్ఫా మాత్రలతో తగ్గేది. అవి పనిచేయడం మానినవి. పెన్సిలిన్ వచ్చింది. అదీ మొద్దుబారింది. తరువాత సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్క మాత్రతో నయమయ్యేది. నేడు మన దేశంలో దానిని నమ్ముకోవడానికి వీలు లేదు. మన ప్రభుత్వ కార్యక్రమంలో చాలాకాలంగా సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, అజిత్రోమైసిన్ 1 గ్రాము కలిపి బూడిద రంగు పెట్టెలో ఇస్తూ వచ్చారు. లక్షణాన్ని బట్టి ఒక్కొక్క రంగు పెట్టె ఉండడం ఆ పద్ధతిలోని సౌకర్యం. కాని సెఫిక్సిమ్‌కు కూడా లొంగని సెగ పలు దేశాలలో కనబడినందున, సెఫ్‌ట్రయాక్సోన్ అనే సూదిమందుకే ఇప్పుడు ప్రపంచమంతటా ప్రథమ స్థానం ఇస్తున్నారు. మందులకు లొంగని సెగవ్యాధిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రమాదకర బాక్టీరియాల జాబితాలో చేర్చింది. కాబట్టి వైద్యుడు సెగకు సూది వేయవలెనంటే మాత్రలే కావలెనని పట్టుపట్టరాదు.

సవాయి రోగానికి కూడా మాత్రలకంటె సూదియే శ్రేష్ఠం. 1943లో అమెరికాలో జాన్ మహోనీ అనే వైద్యుడు నలుగురు రోగులకు పెన్సిలిన్ ఇచ్చి ఫలితం చూపినాడు. ఎనిమిది దశాబ్దాలు గడచినా ఆ సూక్ష్మజీవి పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉన్నది. తొలి దశలో బెంజతిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి తుంటి కండరంలో వేస్తే చాలును. ముదిరిన వ్యాధికి వారానికొకటి చొప్పున మూడు వారాలు వేస్తారు. తొలి దశలో పెన్సిలిన్ పడనివారికి డాక్సీసైక్లిన్ మాత్రలు రెండు వారాలు ఇస్తారు. గర్భిణికి మాత్రం పెన్సిలిన్ తప్ప వేరు మార్గం లేదు. తల్లికి సవాయి ఉండి చికిత్స జరుగకపోతే బిడ్డ గర్భంలోనే మరణించవచ్చును, లేదా వ్యాధితోనే జన్మించవచ్చును. అందుచేత ప్రతి గర్భిణికీ మొదటి మాసాలలోనే రక్తపరీక్ష చేయించవలెను. ఇంటి కోడలికి ఈ పరీక్ష చెప్పినప్పుడు అత్తగారు నొచ్చుకోవలసిన పని లేదు. ఇది అందరికీ చేసే పరీక్షయే.

మందు సేవించే నియమం – పథ్యం, అనుపానం

ఆయుర్వేదంలో మందుకు ఎంత ప్రాధాన్యమో అనుపానానికి, పథ్యానికి అంత ప్రాధాన్యం. ఈ మాత్రలకు కూడా అట్టి నియమాలు ఉన్నవి. వాటిని చెప్పేవారు తక్కువ.

డాక్సీసైక్లిన్‌ను భోజనం చేసిన తరువాత, నిండు గ్లాసు మంచినీటితో, కూర్చుండి గాని నిలబడి గాని మ్రింగవలెను. మ్రింగిన వెంటనే పండుకొంటే మాత్ర అన్నవాహికలో అంటుకొని పుండు చేస్తుంది. కనీసం అరగంట పండుకోరాదు. ఆ వారం రోజులు ఎండలో ఎక్కువ తిరుగరాదు. చర్మం కమిలిపోతుంది. మా ప్రాంతపు వేసవి ఎండలు ఎరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

మన పత్రిక పాఠకులు విశేషంగా గమనించవలసిన విషయం మరొకటి. ఇనుము, సున్నం గల పదార్థాలు డాక్సీసైక్లిన్‌తో కడుపులో బంధించబడి, దానిని రక్తంలోనికి చేరనివ్వవు. లోహభస్మం, మండూర భస్మం, శంఖ భస్మం, కపర్దిక భస్మం, ప్రవాళ భస్మం ఈ కోవలోనివే. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రలు, ఆమ్లపిత్తానికి త్రాగే తెల్లని మందులు కూడా అంతే. చికిత్స జరిగే ఆ కొద్ది రోజులు వీటిని ఆపివేయడం ఉత్తమం. తప్పనిసరి అయితే డాక్సీసైక్లిన్ వేసుకొన్న రెండు మూడు గంటల తరువాత వాడవలెను. పాలు, పెరుగు కూడా మాత్రతో కలిపి తీసుకోరాదు. ఆయుర్వేద మందులు వాడుచున్నవారు ఆ సంగతి వైద్యునికి దాచకుండా చెప్పవలెను.

అజిత్రోమైసిన్ ఒకే మోతాదుగా తీసుకొన్నప్పుడు కొందరికి వికారం, విరేచనాలు కలుగుతాయి. మ్రింగిన కొద్దిసేపటికే వాంతి అయితే మందు పడినట్లు కాదు. వెంటనే వైద్యునికి చెప్పవలెను. గుండె లయ తప్పే వ్యాధి ఉన్నవారు ముందుగానే తెలుపవలెను. సవాయికి మందు పడిన మొదటి రోజున జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు రావచ్చును. సూక్ష్మజీవులు చచ్చేటప్పుడు కలిగే ప్రతిక్రియ అది. ఒక దినంలో తగ్గుతుంది. కాని మందు పడిన వెంటనే దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే అది వేరు. మందు పడకపోవడం వలన వచ్చే ప్రమాదం అది. తత్‌క్షణమే ఆసుపత్రికి వెళ్లవలెను.

రెండు రోజులలో మంట తగ్గిందని మాత్రలు ఆపరాదు. చికిత్స ముగిసే వరకు, ఒకే మోతాదు మందు అయితే దాని తరువాత ఏడు రోజుల వరకు దాంపత్యం విసర్జించవలెను. భార్యాభర్తలిద్దరికీ చికిత్స ముగియవలెను. ఒకరికి ముగిసి మరొకరికి ముగియకపోతే ఏమి జరుగుతుందో క్రింద చెబుతాను.

ఇద్దరికీ చికిత్స – ఇదే అన్నిటికంటె కష్టం

కొన్ని సంవత్సరాల క్రితం ఖమ్మం పరిసరాలలోని ఒక గృహస్థు భార్యను నా వద్దకు తీసుకొనివచ్చాడు. వివాహమై నాలుగేండ్లు. సంతానం లేదు. ఆమెకు పొత్తికడుపులో నొప్పి, నెలసరిలో బాధ. అప్పటికి రెండు మూడు చోట్ల గర్భదోషానికని లేహ్యాలు, అరిష్టాలు తినిపించారు. అన్ని పరీక్షలూ ఆమెకే, అన్ని మాటలూ ఆమెకే.

నేను భర్తను ప్రత్యేకంగా పిలిచి అడిగాను. మొదట కాదన్నాడు. తరువాత నెమ్మదిగా, “పెండ్లికి ముందు ఒకసారి సెగ అయిందండీ. మందుల షాపులో నాలుగు గొట్టాలు ఇచ్చారు. తగ్గిపోయింది. మధ్యలో మళ్లీ కొంచెం కనబడితే మళ్లీ అవే తెచ్చుకొన్నాను” అన్నాడు. “ఆమెకు చెప్పినావా నాయనా?” అంటే తల వంచుకొన్నాడు. “చెబితే ఇల్లు నిలవదండీ” అన్నాడు.

ఇద్దరినీ ప్రభుత్వ ఆసుపత్రికి పంపించాను. అక్కడ పరీక్షలు చేసి ఇద్దరికీ ఒకేసారి మందులు ఇచ్చారు. ఆమెకు నొప్పి తగ్గింది. కాని మూసుకుపోయిన బీజవాహిక మాత్రలతో తెరుచుకోదు. మాత్ర సూక్ష్మజీవిని చంపగలదు, అది చేసిన మచ్చను చెరపలేదు. ఆ తరువాత ఆమె ఒంటరిగా ఒకసారి వచ్చింది. “అయ్యగారూ, నాకు అప్పుడే చెప్పి ఉంటే ఏడు రోజుల మందుతో పోయేదా?” అని అడిగింది. తొలినాళ్లలో అయితే పోయి ఉండేదమ్మా అని చెప్పక తప్పలేదు. ఆమె ఏడవలేదు, భర్తను దూషించలేదు. “నాలుగేండ్లు నన్నే గొడ్రాలన్నారు” అని మాత్రం అన్నది.

భర్త చెప్పడానికి భయపడినది ఒక్క సాయంత్రపు కలహానికి. దానికి మూల్యం ఆమె చెల్లించింది. అందువలన వ్యాధి సోకిన ప్రతి పురుషునికీ నేను చెప్పే మాట ఇది: మాత్ర మ్రింగడం సగం చికిత్స. భార్యకు చెప్పి ఆమెకు కూడా ఇప్పించడం మిగిలిన సగం. నోరు రాకపోతే వైద్యుని ముందు కూర్చోబెట్టి చెప్పించవచ్చును. ఆమెకు ఏ బాధా లేకపోయినా చికిత్స అవసరమే. లేనిచో మందు తిని శుద్ధుడైన భర్తకు ఆమె నుండి, ఆమెకు మళ్లీ భర్త నుండి వ్యాధి చక్రంలా తిరుగుతుంది. భార్యకు మొదట బయటపడినంత మాత్రాన ఆమెయే కారణమని నిందించడం అధర్మం. ఎవరికి ముందు కనబడిందన్నదానిని బట్టి ఎవరి నుండి వచ్చిందో చెప్పడం వైద్యునికి కూడా సాధ్యం కాదు.

సగం మందు, తప్పు మందు

పైన చెప్పిన గృహస్థు నాలుగు గొట్టాలు తిన్నాడు. అవి ఏమి మందో అతనికి తెలియదు. సగం మోతాదు తిన్నప్పుడు బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి, బలమైనవి మిగులుతాయి. కలుపు పైపైన కోసినట్లే. వేరు మిగిలిన కలుపు మరింత దట్టంగా లేస్తుంది. అట్లు మిగిలినవి మరొకరికి అంటుకొంటే, వారికి ఆ మందు మొదటినుండే పనిచేయదు. సల్ఫా, పెన్సిలిన్, సిప్రోఫ్లాక్సాసిన్ ఒకదాని తరువాత ఒకటి వ్యర్థమైనది ఈ విధంగానే.

ఒకరికి వ్రాసిన చీటీని మరొకరు వాడరాదు. లక్షణాలు ఒకేవిధంగా ఉన్నా వ్యాధులు వేరు కావచ్చును. సెగ, క్లమీడియా తరచుగా జంటగా సోకుతాయి. ఒకదానికి మాత్రమే మందు తింటే రెండవది మిగిలిపోతుంది. పొక్కులుగా లేచి మంటపుట్టే సర్పి వంటి వ్యాధి వైరస్ వలన వస్తుంది. దానికి ఈ మాత్రలు ఎన్ని తిన్నా ప్రయోజనం లేదు. గోడల మీద, బస్టాండులలో “గుప్తరోగాలకు మూడు రోజులలో గ్యారంటీ” అని వ్రాయించుకొనేవారి వద్దకు వెళ్లడం కంటె వ్యాధితో ఊరుకోవడం మేలని చెప్పను గాని, రెండూ ఒకే చోటికి చేరుస్తాయి.

ఇంటి వైద్యం ఎంతవరకు?

ఆయుర్వేద వైద్యుడనై ఉండి మూలికలతో ఈ వ్యాధి కుదురుతుందని ఎందుకు చెప్పడం లేదని అడగవచ్చును. సెగను గాని, సవాయిని గాని నిర్మూలించే శక్తి ఏ ఇంటి కషాయానికీ ఉన్నదని రుజువు లేదు. బాధ కొంత తగ్గించి, లోపలి వ్యాధిని కప్పిపెడితే అది ఉపకారం కాదు. అయితే మాత్రల చికిత్సతో పాటు శరీరానికి సుఖం కలిగించేవి కొన్ని ఉన్నవి.

మూత్రం మంటకు ధనియాల నీరు మంచిది. ఒక చెంచా ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, రాత్రి గ్లాసు నీటిలో నానబెట్టి, ఉదయం వడగట్టి, కొద్దిగా పటికబెల్లం చేర్చి త్రాగవలెను. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం మానవలెను. యవల జావ, కొబ్బరి నీరు దాహాన్ని, వేడిని శమింపజేస్తాయి. మా అడవులలో దొరికే సుగంధిపాల వేళ్లతో చేసిన పానకం చలువ చేస్తుంది. పథ్యంగా కారం, ఊరగాయలు, మద్యం తగ్గించి, పెసరపప్పు, పొట్లకాయ, బీరకాయ, సొరకాయ వంటివి తినవలెను. ఇవన్నీ సహాయకములే కాని చికిత్స కావు.

బయటి శుభ్రతకు గోరువెచ్చని నీరు చాలును. స్త్రీలు యోని లోపలికి పటిక నీరు, వేపాకు కషాయం వంటివి ఎక్కించి కడుగరాదు. అది వ్యాధిని పైకి నెట్టవచ్చును. పుండ్లపై పాలతో, పసరుతో ఘాటైన పూతలు వేయరాదు. వేసినచో వైద్యునికి పుండు స్వరూపం తెలియకుండా పోతుంది.

గృహస్థులు గుర్తుంచుకోవలసినవి

మూత్రంలో మంట, చీము, జననేంద్రియంపై పుండు, గజ్జలలో బిళ్లలు, స్త్రీలకు దుర్వాసన గల స్రావం, పొత్తికడుపు నొప్పి – వీటిలో ఏది కనబడినా వారం పది రోజులు చూద్దామని ఊరుకోరాదు.

మందు మొదలుపెట్టడానికి ముందే పరీక్ష చేయించుకోవడం మంచిది. సుఖవ్యాధి పుండు ఉన్నచోట హెచ్.ఐ.వి. సులభంగా ప్రవేశిస్తుంది. కాబట్టి ఆ పరీక్ష కూడా తప్పక చేయించుకోవలెను. ప్రభుత్వ జిల్లా, ఏరియా ఆసుపత్రులలో ఈ పరీక్షలు ఉచితంగా చేస్తారు. సుఖవ్యాధుల చికిత్సకు సురక్ష క్లినిక్కు పేరుతో విభాగాలు ఉన్నవి. పేరు, వ్యాధి గోప్యంగా ఉంచుతారు. సందేహాలకు 1097 అనే ఉచిత ఫోను నంబరు ఉన్నది.

చికిత్స ముగిసిన మూడు మాసాలకు మళ్లీ ఒకసారి పరీక్ష చేయించుకోవలెను. సవాయి రోగానికి రక్తపరీక్షలో విషబలం తగ్గుతున్నదో లేదో కొన్ని మాసాలకొకసారి చూపించుకోవలెను. ఒకసారి తగ్గినంత మాత్రాన మళ్లీ రాదనే రక్షణ లేదు. ఎన్నిసార్లు తగిలితే అన్నిసార్లు వస్తుంది. తొడుగు వాడడం దీనికి సులభమైన కాపుదల.

పెండ్లి కుదిరిన యువకులకు ఒక మాట. జాతకాలు చూపిస్తారు, కట్నకానుకలు మాట్లాడుకొంటారు. పూర్వం ఎప్పుడైనా ఇట్టి వ్యాధి లక్షణం కనబడి ఉంటే, ముహూర్తానికి ముందే పరీక్ష చేయించుకొని, పూర్తిగా మందు వాడి, ఆ తరువాతనే పీటల మీద కూర్చోవలెను. తల్లిదండ్రులు కూడా కుమారుడు ఈ సంగతి చెప్పినప్పుడు గద్దించక, వెంటబెట్టుకొని వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. ఏడు రోజులు మాత్రలు వాడితే, లేదా ఒక సూది వేయించుకొంటే పోయే వ్యాధి ఇది. దాచితే మాత్రం ఒక ఇల్లు ముందుకు సాగకుండా పోతుంది.